మొదటి ఏడాది రెడ్‌షర్ట్‌కు ఒప్పుకోవాలా? ఆ ఏడాది ఎవరిదో ముందు తేల్చుకోండి

మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. డాలస్ దగ్గర పుట్టి పెరిగిన మీ అబ్బాయి ఈ ఆగస్టులో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై అంచె) యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద చేరాడు. లైన్‌బ్యాకర్, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడే ఆటగాడు. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, 206 పౌండ్ల బరువు, అంటే దాదాపు 93 కిలోలు. సీజన్‌లో ఇప్పటికి మూడు మ్యాచ్‌లు అయ్యాయి. ఒకదానిలో కిక్‌ఆఫ్ బృందంతో, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు దిగే బృందంతో, ఆరుసార్లు మైదానంలోకి దిగాడు, మిగతా రెండింటిలో దిగలేదు. రెడ్‌షర్ట్ చేద్దామనుకుంటున్నాం, అంటే ఈ ఏడాది మ్యాచ్‌లకు పెద్దగా దించకుండా ఒక సీజన్ మిగుల్చుదామనుకుంటున్నాం, ఇంట్లో మాట్లాడుకోండి అని కోచ్ ఫోన్ చేశారు. వరంగల్‌లో ఉన్న మీ నాన్నగారు మాత్రం ‘‘ఏడాది కూర్చోబెట్టడమంటే మనవడు తప్పినట్టే కదా’’ అని దిగులుపడుతున్నారు. ఒప్పుకోవాలా, ఆడించమని పట్టుబట్టాలా అన్నది మీ ప్రశ్న.

నా సమాధానం: ఒప్పుకోండి, కానీ రెడ్‌షర్ట్ పోకుండా ఆడనిచ్చే నాలుగు మ్యాచ్‌లలో మిగిలిన మూడింటిని వదులుకోకండి. వాటిని అక్టోబరు చివరి దాకా దాచిపెట్టి, నవంబరులో డిఫెన్స్‌లో ఆడించమని అడగండి. ఈలోగా ఎవరికైనా గాయమై, మీ అబ్బాయికి డిఫెన్స్‌లో వారం వారం పాతిక ముప్పై స్నాప్‌లు (బంతి కదిలి ఆట సాగే ఒక్కో విడత ఒక స్నాప్) ఆడే స్థానం నిజంగా దొరికితే అప్పుడు రెడ్‌షర్ట్ మాట పక్కన పెట్టవచ్చు. కిక్‌ఆఫ్‌లో, పంట్‌లో (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేసే విడతలో) పరుగెత్తడానికి మాత్రం ఒక ఏడాదిని ఖర్చు చేయనివ్వకండి.

నేను డైటీషియన్‌ను. తెనాలిలో పెరిగి, ఇక్కడ చదివి, పదిహేనేళ్లుగా కాలేజీ ఫుట్‌బాల్ జట్లతో పనిచేస్తున్నాను. ఇది మూడో జట్టు. సీజన్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గదిలో కూర్చుంటాం: హెడ్ కోచ్, పొజిషన్ కోచ్‌లు, స్ట్రెంత్ కోచ్, గాయాలు చూసే ట్రైనర్, చదువు చూసే కౌన్సెలర్, నేను. గోడ మీద తెల్లబోర్డుపై ఫ్రెష్‌మన్ల (మొదటి ఏడాది విద్యార్థుల) పేర్లు వరుసగా ఉంటాయి. ఆడిన మ్యాచ్‌కు ఒక గీత. నాలుగో గీత పడిన పేరు చుట్టూ ఎర్ర మార్కర్‌తో సున్నా చుడతారు. ఆ సున్నా దాటించాలంటే హెడ్ కోచ్ అందరి మాటా వినాలి. ఇరవై మంది కుర్రాళ్ల భవిష్యత్తు అక్కడ పావుగంటలో తేలిపోయిన రోజులున్నాయి. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ నాన్నగారి దిగులు తీరుద్దాం. డివిజన్ 1 ఆటగాడు పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజు నుంచి ఐదేళ్ల గడియారం నడుస్తుంది. ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు పోటీ మ్యాచ్‌లు ఆడవచ్చు. పోటీలో ఖర్చు కాని ఆ ఒక్క ఏడాదినే రెడ్‌షర్ట్ అంటారు. ఆ ఏడాదంతా ప్రాక్టీసు ఉంటుంది, జిమ్ ఉంటుంది, తరగతులు ఉంటాయి, స్కాలర్‌షిప్ ఉంటుంది. మన దగ్గర ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ అని మళ్లీ ఏడాది చదివించేవారు కదా, పెద్దాయన మనసులో ఉన్నది బహుశా అదే. ఇది అలాంటిది కాదని చెప్పండి. చదువు ఒక్క రోజు కూడా ఆగదు. మనవడు సెకండియర్‌లోకి వెళ్లేసరికి ఆటలో మాత్రం నాలుగు సీజన్లూ చెక్కుచెదరకుండా మిగిలి ఉంటాయి.

2018కి ముందు ఈ నిర్ణయం చాలా కఠినంగా ఉండేది. ఒక్క మ్యాచ్‌లో ఒక్క స్నాప్ ఆడినా సీజన్ ఖర్చయినట్టే. ఆ ఏడాది నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా రెడ్‌షర్ట్ నిలుస్తుందని కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన మార్చింది. తర్వాత కాలంలో, మామూలు సీజన్ ముగిశాక జరిగే బౌల్ మ్యాచ్‌ల వంటి పోస్ట్ సీజన్ ఆటలను ఆ నాలుగులో కలపకుండా సడలించారు. అయితే మ్యాచ్‌ల లెక్కే ఉంది తప్ప స్నాప్‌ల లెక్క లేదు. మీ అబ్బాయి ఆడిన ఆరు స్నాప్‌లకు ఒక మ్యాచ్ పోయింది. అరవై ఆడినా ఒక మ్యాచే పోయేది. అందుకే వచ్చే ఒక్కో మ్యాచ్‌నూ చూసి ఖర్చు చేయాలి.

ఇంకొక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మామూలు రెడ్‌షర్ట్‌కు సంతకం పెట్టే కాగితం ఏదీ లేదు. సీజన్ ముగిశాక లెక్క చూస్తారు. నాలుగు లేదా అంతకు తక్కువ మ్యాచ్‌లు ఉంటే అదే రెడ్‌షర్ట్. అంటే కోచ్ ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది ఖాయం చేయమని కాదు, మీ మనసు తెలుసుకోవడానికే. ఐదో మ్యాచ్‌లో అడుగు పెట్టే క్షణం వరకు దారి తెరిచే ఉంటుంది. నిబంధనల విషయంలో ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలనే వాదన ఇక్కడ బలంగా నడుస్తోంది. అలాంటి మార్పు వస్తే రెడ్‌షర్ట్ లెక్కంతా తలకిందులవుతుంది. కాబట్టి యూనివర్సిటీలో నిబంధనల సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, మీ అబ్బాయి చేరిన ఏడాదికి వర్తించే నిబంధన ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఈ పేరు ఎలా వచ్చిందో చెబితే మీ నాన్నగారికి నచ్చుతుంది. 1937లో నెబ్రాస్కా యూనివర్సిటీలో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు, తనకన్నా ముందు అనుభవమున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఏడాది ప్రాక్టీసు మాత్రమే చేస్తాను, మ్యాచ్‌లు ఆడను అని తానే అడిగాడట. ప్రాక్టీసులో అంకె లేని ఎర్ర చొక్కా వేసుకునేవాడు. 1940 సీజన్‌కు అతడు ఆల్ అమెరికన్ గార్డు, అంటే దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాలోకెక్కిన ముందు వరుస ఆటగాడు. ఎవరో కూర్చోబెట్టిన కుర్రాడు కాదు, తానే ఆగిన కుర్రాడు. ఆ తేడా నాకు చాలా ముఖ్యం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ నిర్ణయంలో అందరూ అడిగే ప్రశ్న ‘‘ఈ ఏడాది జట్టుకు వీడు ఉపయోగపడతాడా’’ అని. నేను అడగమనే ప్రశ్న వేరు. ఈ ఏడాది కుర్రాడి సొత్తు. దాన్ని దేనికి ఖర్చు చేస్తే అతడికి ఎక్కువ దక్కుతుంది?

బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జో బరో సంగతి చూడండి. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరి ఆ ఏడాది రెడ్‌షర్ట్ అయ్యాడు. తర్వాతి రెండేళ్లు కూడా ఎక్కువగా బెంచీ మీదే. డిగ్రీ పూర్తి చేసుకుని 2018లో లూసియానా స్టేట్‌కు వెళ్లిపోయాడు. 2019లో ఆ జట్టు పదిహేనుకు పదిహేను మ్యాచ్‌లూ గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. అతడు అరవై టచ్‌డౌన్ పాసులు వేసి, ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు, మరుసటి వసంతంలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతడిదే. ఆ 2019 అతడికి కాలేజీలో ఐదో సీజన్. 2015లో ఏ నాలుగో క్వార్టర్‌లోనో, గెలుపు ఖాయమైన మ్యాచ్‌లో రెండు మూడు స్నాప్‌లు ఆడించి ఉంటే, అప్పటి నిబంధన ప్రకారం 2019 అతడికి ఉండేదే కాదు. ఇంకో మాట కూడా గమనించండి. ఆ ఏడాదిని కాపాడిన యూనివర్సిటీ ఒకటి, దాని ఫలం అందుకున్న యూనివర్సిటీ మరొకటి.

కోచ్‌లకూ ఇది తెలుసు. 2018 అక్టోబరులో, వేరే యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్లు పేరు పెట్టుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో ఒకసారి మారితే ఏడాది ఆగనక్కర్లేదన్నారు. 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కోచ్‌లు ఒక ఫ్రెష్‌మన్‌ను చూసి ఐదేళ్ల తర్వాతి జట్టును ఊహించుకునేవారు. ఇప్పుడు ఆ ఊహకు పూచీ లేదు. ఎలాగూ వెళ్లిపోవచ్చు, ఉన్నప్పుడే వాడుకుందాం అనే ఆలోచన ఆ గదిలో నేను విన్నాను. కోచ్‌ను తప్పుపట్టడం లేదు, శనివారం గెలవకపోతే ఆయన ఉద్యోగమే ఉండదు. అందుకే ఆ ఏడాదిని కాచుకునే పని ఇంటివాళ్లది అయింది. మీ కోచ్ తనంతట తానే రెడ్‌షర్ట్ మాట ఎత్తారంటే నాకు అది మంచి సూచనగానే కనిపిస్తోంది.

ఇప్పుడు ఒంటి సంగతి. మీ అబ్బాయి 206 పౌండ్లు, వయసు పద్దెనిమిది. డిఫెన్స్‌లో దిగితే ఎదురుగా వచ్చే గార్డు 310 పౌండ్లు, 140 కిలోల పైమాట. వయసు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. బరువు తేడా కన్నా నాకు భయం వేసేది వయసు తేడా. ఆ నాలుగైదేళ్లలో మెడ, నడుము, తుంటి చుట్టూ పట్టే కండరం తిండితో ఒక నెలలో వచ్చేది కాదు. లైన్‌బ్యాకర్‌ను 220, 225 దాకా తీసుకెళ్లాలంటే, వేగం పోకుండా తీసుకెళ్లాలంటే, నేను నెలకు రెండు పౌండ్ల కన్నా ఎక్కువ అడగను. లెక్క వేసుకోండి, ఏడు నుంచి పది నెలలు పడుతుంది. వారం వారం మ్యాచ్ ఆడే కుర్రాడికి ఆ నెలలు దొరకవు. మ్యాచ్ ముందు రోజు ప్రయాణం, ఆదివారం ఒళ్లు నొప్పులు, సోమవారం మళ్లీ తేలిక వ్యాయామమే. చాలామంది ఫ్రెష్‌మన్లు సీజన్ మొదట్లో కన్నా చివర్లో తక్కువ బరువు తూగుతారు.

నా మొదటి జట్టులో ఒక ఆఫెన్సివ్ లైన్ (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరుసలో కాచేవాళ్లు) కుర్రాడు ఉండేవాడు. మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఊరు అతడిది. ఆరడుగుల ఐదు అంగుళాలు, 252 పౌండ్లు. వాడి గదిలో ఫ్రిజ్ తలుపుకు నేను ఒక చీటీ అంటించాను. ఉదయం ఆరుంబావుకు నాలుగు గుడ్లు, ఓట్స్, రెండు అరటిపండ్లు. పదింటికి పెరుగు, బాదంపప్పు. మధ్యాహ్నం చికెన్, అన్నం, రెండు కప్పులు. జిమ్ అవగానే పాలు. రాత్రి భోజనం. తొమ్మిదిన్నరకు వేరుశనగ వెన్న రాసిన రొట్టెలు, పెద్ద గ్లాసు పాలు. ప్రతిదాని పక్కన టిక్కు పెట్టాలి. అన్నిటికన్నా కష్టం ఆ ఆఖరిదే, నిద్ర ముంచుకొస్తుంది కదా. తొమ్మిదిన్నర టిక్కు లేని వారం బరువు కదిలేది కాదు. వాడే ఆ సంగతి కనిపెట్టి, అలారం పెట్టుకున్నాడు. పదకొండు నెలలకు 281 పౌండ్లు, నడుము కొలత ఒక్క అంగుళమే పెరిగింది. మూడో ఏడాది నుంచి ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి పదకొండు మందిలో ఉన్నాడు, ఐదో ఏడాది కెప్టెన్. ఆ చీటీ మీద మడతలు పడి, అంచులు చిరిగి, నూనె మరకలతో చివరిదాకా ఆ ఫ్రిజ్ మీదే ఉంది.

2014లో ఎన్‌సీఏఏ ఆటగాళ్ల భోజనం, చిరుతిళ్ల మీద ఉన్న పరిమితిని ఎత్తేశాక నా పని ఇంకా సులువైంది. రెడ్‌షర్ట్ ఏడాదికి విలువ పెరిగింది కూడా అప్పటినుంచే అని నా నమ్మకం. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, మీ అబ్బాయి శనివారాలు మాంసం, గుడ్లు ముట్టకపోవడం ఏమీ అడ్డం కాదు. పప్పు, పనీర్, పెరుగు, పాలు, పాల ప్రొటీన్ పొడితో ఆ రోజు లెక్క సరిపెట్టవచ్చు. అక్కడి డైటీషియన్‌కు ముందే చెప్పమనండి. సిగ్గుపడి చెప్పకుండా ఆ రోజు సగం కడుపుతో గడిపేసే పిల్లలను నేను చూశాను.

స్పెషల్ టీమ్స్, అంటే కిక్‌ఆఫ్, పంట్ బృందాల విషయంలో గట్టిగా ఉండండి. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. ఒక సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాడు), 181 పౌండ్లు, చాలా తెలివైన కుర్రాడు. అక్టోబరు మూడో వారం బోర్డు మీద పేరు చుట్టూ ఎర్ర సున్నా పడి ఉంది. పంట్ బృందంలో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ‘‘వీడిని తీసుకుంటాను’’ అన్నారు స్పెషల్ టీమ్స్ కోచ్. ఎవరూ మాట్లాడలేదు. నేను బరువు అంకె చదివి ఊరుకున్నాను. ఐదో మ్యాచ్‌లో అతడు తొమ్మిది స్నాప్‌లు ఆడాడు. ఆ ఏడాది మొత్తం మీద నలభై కూడా లేవు. తర్వాత మూడేళ్లలో కాన్ఫరెన్స్‌లో (మా జట్టు ఆడే లీగ్‌లో) మంచి సేఫ్టీల్లో ఒకడయ్యాడు. నాలుగో ఏడాది అక్టోబరులో మోకాలు పోయింది. శస్త్రచికిత్స అయ్యాక నా గదికి వచ్చి, ఇంకో ఏడాది అడగడానికి వీలుందా అన్నాడు. అప్పటికి సీజన్ సగం దాటింది, ఆడిన మ్యాచ్‌లు ఎక్కువయ్యాయి, గాయం మీద ఇచ్చే మినహాయింపుకు అతడు అర్హుడు కాడు. ఆ మినహాయింపుకు గాయం సీజన్ మొదటి సగంలో కావాలి, ఆడిన మ్యాచ్‌లు దాదాపు ముప్పై శాతం దాటకూడదు. మొదటి ఏడాది ఆ తొమ్మిది స్నాప్‌లు లేకపోతే అతడికి ఐదో సీజన్ ఉండేది. ఆ ఆదివారం నేను నోరు తెరిచి ఉండాల్సింది. అప్పటినుంచి ఐదో గీత మాట వచ్చినప్పుడల్లా ఎన్ని స్నాప్‌లు, డిఫెన్స్‌లోనా కాదా అని నేనే అడుగుతున్నాను.

లైన్‌బ్యాకర్లకు ఈ ప్రమాదం ఎక్కువ. పరుగు, బరువు, ఢీకొట్టే ఒడుపు మూడూ ఉంటాయి కాబట్టి కిక్‌ఆఫ్, పంట్ బృందాలు వాళ్లతోనే నిండుతాయి. మీ అబ్బాయి మొదటి గీత కూడా అలా పడిందే కదా.

అన్ని స్థానాలకూ ఇదే మాట చెప్పను. ఆఫెన్సివ్ లైన్ ఫ్రెష్‌మన్‌కు దాదాపు ఎప్పుడూ రెడ్‌షర్ట్ మంచిది. క్వార్టర్‌బ్యాక్‌కు ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) ఒంటబట్టడానికి ఒక ఏడాది అవసరం. జానీ మాంజెల్ 2011లో, జేమిస్ విన్‌స్టన్ 2012లో రెడ్‌షర్ట్ అయ్యి మరుసటి ఏడాదే హైస్‌మన్ గెలిచారు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ విషయం పూర్తిగా వేరు. ఆ స్థానంలో ఒళ్లు తినే దెబ్బలకు లెక్క ఉంటుంది, పద్దెనిమిదేళ్లకే సిద్ధమైనవాడిని ఆపితే నష్టం. 1980లో హెర్షెల్ వాకర్ ఫ్రెష్‌మన్‌గానే జార్జియాను జాతీయ ఛాంపియన్ చేశాడు. 2024లో ఒహాయో స్టేట్ వైడ్ రిసీవర్ జెరమాయా స్మిత్ మొదటి ఏడాదే 1,300 గజాలు దాటి క్యాచ్‌లు పట్టాడు, ఆ జట్టూ ఛాంపియన్ అయింది. అలాంటి కుర్రాళ్లను ఆపడం అన్యాయం. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు అర్హత వస్తుంది, ఆ మూడేళ్లలో రెడ్‌షర్ట్ ఏడాదీ కలుస్తుంది. మూడేళ్లకే వెళ్లిపోయేవాడికి ఐదో ఏడాది దాచడంలో అర్థం లేదు.

మేమూ ఒకసారి అలా పొరపడ్డాం. 208 పౌండ్ల రన్నింగ్ బ్యాక్, ఆగస్టు ప్రాక్టీసులో ఎవరూ పట్టుకోలేకపోయారు. ముందు ఇద్దరు సీనియర్లున్నారని ఆపారు. వాడికి కారణం చెప్పలేదు, ప్రణాళిక చెప్పలేదు. మూడు నెలలు స్కౌట్ టీమ్‌లో ప్రత్యర్థి ఆటగాడి పాత్ర వేసి, మా డిఫెన్స్ చేతిలోనే వారం వారం దెబ్బలు తిన్నాడు. డిసెంబరులో పోర్టల్‌లో పేరు పెట్టి వెళ్లిపోయాడు. రెడ్‌షర్ట్ నిర్ణయం తప్పా, చెప్పకపోవడం తప్పా అని నన్నడిగితే రెండోదే పెద్ద తప్పంటాను.

డబ్బు, చదువు సంగతులు తొందరగా చెబుతాను. ఆటగాళ్లకు యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వవచ్చంటూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, ఆ పద్ధతిలోకి వెళ్లిన యూనివర్సిటీలలో 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, మొత్తం జట్టుకే 105 మంది అన్న పరిమితి వచ్చింది. అంటే ఆడని కుర్రాడికి ఇచ్చే చోటు కూడా ఇప్పుడు ఖరీదైనదే. కాబట్టి ఐదో ఏడాదికి స్కాలర్‌షిప్ ఉంటుందా, ఏ షరతు మీద ఉంటుందన్నది కాగితం మీద చూడండి. నోటిమాట ఇచ్చిన కోచ్ ఐదేళ్లకు అక్కడ ఉంటారో లేదో ఎవరు చెప్పగలరు?

చదువులో ఇది నిజంగా వరం. ఆటగాడు మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో నలభై శాతం, నాలుగో ఏడాదికి అరవై, ఐదో ఏడాదికి ఎనభై శాతం పూర్తి చేసి ఉండాలి. 120 క్రెడిట్ల డిగ్రీలో అవి 48, 72, 96. ఇది కనీసం మాత్రమే. వేసవి తరగతులు కలుపుకుని నాలుగేళ్లలోనే, ఒక్కోసారి మూడున్నరేళ్లలోనే డిగ్రీ ముగించేవాళ్లు మా దగ్గర ఎందరో ఉన్నారు. ఐదో ఏడాది వాళ్లు మాస్టర్స్ విద్యార్థులుగా ఆడతారు. మీ నాన్నగారికి ఫోన్‌లో ఈ ముక్క ముందు చెప్పండి. అయితే ప్రయాణాలు లేని ఈ శరదృతువులోనే బరువైన సబ్జెక్టు ఒకటి పెట్టుకోవాలి. రెడ్‌షర్ట్ ఏడాది తేలిక తరగతులతో గడిపేస్తే ఆ లాభం పోతుంది.

మీ అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి ఇది మీకు వర్తించదు, చదివే ఇతర తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. పిల్లవాడు తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతో వచ్చే హెచ్4 వీసా మీద ఉంటే ఇరవై ఒకటో పుట్టినరోజుతో ఆ హోదా ముగుస్తుంది. ఐదేళ్ల ప్రణాళికలో అది సరిగ్గా మధ్యలో వచ్చి పడుతుంది. ఎఫ్1 విద్యార్థి వీసాకు మారాక ఆటగాడి పేరు, బొమ్మల మీద వచ్చే ఆదాయం తీసుకోవడం వీసా పరంగా చిక్కు. రెడ్‌షర్ట్ గురించి కోచ్‌తో మాట్లాడే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఈ వారం కోచ్‌తో మాట్లాడేటప్పుడు మీరు కాదు, మీ అబ్బాయే అడగాలి. మీరు పక్కన ఉండండి చాలు. ఏమేమి అడగాలంటే: మిగిలిన మూడు మ్యాచ్‌లు ఏవి అనుకుంటున్నారు? వాటిలో డిఫెన్స్‌లో ఆడిస్తారా, స్పెషల్ టీమ్స్‌కేనా? వచ్చే ఆగస్టుకు నా బరువు ఎంత ఉండాలనుకుంటున్నారు, దానికి నెలవారీ లెక్క ఎవరు చూస్తారు? స్కౌట్ టీమ్‌లో ఉన్నప్పుడు లైన్‌బ్యాకర్ల సమావేశాలకు నన్ను రానిస్తారా? ఈ చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. స్కౌట్ టీమ్ కుర్రాళ్లు వారమంతా ప్రత్యర్థి ఆటే ఆడుతుంటారు, సొంత ప్లేబుక్ మరిచిపోతారు. వారానికి రెండు గంటలు సొంత స్థానం కోచ్‌తో కూర్చున్నవాడికీ, కూర్చోనివాడికీ వసంతకాలపు ప్రాక్టీసుల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సమాధానాలు సూటిగా వస్తే నిశ్చింతగా ఒప్పుకోండి. ‘‘చూద్దాం’’ అనే మాటే నాలుగుసార్లు వినిపిస్తే, ఐదో గీత పడకుండా మీరే లెక్క పెట్టుకుంటూ ఉండాలి.

నవంబరు మ్యాచ్‌లే ఎందుకంటే, అప్పటికి కుర్రాడికి మూడు నెలల తిండి, జిమ్, ప్లేబుక్ ఉంటాయి. జట్టులో గాయాలూ అప్పుడే ఎక్కువ, నిజమైన స్నాప్‌లు దొరుకుతాయి. సెప్టెంబరులో ఆడిన మ్యాచ్‌లో నేర్చుకున్నదానికీ, నవంబరులో నేర్చుకున్నదానికీ పోలిక లేదు.

ఒక్క విషయం మిగిలింది. ఇతర ఊళ్లలో మ్యాచ్‌లు ఉన్నప్పుడు రెడ్‌షర్ట్ కుర్రాళ్లను సాధారణంగా తీసుకెళ్లరు. శుక్రవారం మధ్యాహ్నం బస్సులు వెళ్లిపోతాయి. శనివారం సాయంత్రం ఆ పెద్ద భోజనశాలలో పది పన్నెండు మంది విడివిడిగా కూర్చుని, గోడ మీది టీవీలో తమ జట్టునే చూస్తుంటారు. ప్లేట్లలో అన్నం చల్లారిపోతుంది. చిన్నప్పటి నుంచి ప్రతి మైదానంలో తామే మేటి అయిన పిల్లలు వీళ్లు. ఏడాది మొత్తంలో వాళ్లు నాకు దిగాలుగా కనిపించేది ఆ పూటే. అందుకే వీలైన వారం నేను ప్రయాణం మానుకుని అక్కడే తింటాను. మీ అబ్బాయికి ఆ రోజు మాంసం లేని భోజనం కూడా కాబట్టి ఆ పూట ఇంకా పొడవుగా అనిపిస్తుంది. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేయండి. స్కోరు ఎత్తకండి, ఆడించారా అని అడగకండి. ఏం తిన్నావు, ఎంత తిన్నావు, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడగండి. మీ నాన్నగారికి అప్పుడు తెల్లవారి ఉంటుంది, ఆయననూ లైన్‌లోకి తీసుకోండి.